నెత్తిమీది ఆకాశం



ఈ పూట నేను ముచ్చటించబోయే విషయం పేరు చెప్పగానే మీలో కొందరు రేడియో గొంతు తగ్గించి పని చూసుకుంటారేమోనని నాకు కాస్త భయంగానే ఉంది. రోదసిలో ఆయుధాలు, అదీ విషయం. అంతరిక్షాన్ని సైన్యాలు ఎప్పటినుంచి, ఎట్లా వాడుకుంటున్నాయి, అందులో మన తెలుగు నేలకు ఉన్న పాలెంత అన్న సంగతి. ఇది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకోకండి. ముందు మా ఊరి ముచ్చట ఒకటి చెబుతాను. అది విన్నాక రేడియో కట్టేయాలో వద్దో మీ ఇష్టం.

మా ఊరు టేకుమట్ల. ఇప్పుడది భూపాలపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. నా చిన్నతనంలో వరంగల్ జిల్లాలో ఓ మామూలు పల్లె. 1979 జులై నెల. నాకు పదకొండో ఏడు నడుస్తోంది. అమెరికావాళ్ళ స్కైలాబ్ ఆకాశంలోంచి ఊడి పడబోతున్నదని రేడియోలో చెప్పారు, పేపర్లో రాశారు. ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎక్కడో తెలియదంటే మన ఊరి మీదనే అని అర్థం కదా! మా ఊళ్ళో అట్లాగే అర్థం చేసుకున్నారు.

మా పెద్దమ్మ ఇంట్లో కోళ్ళన్నిటినీ కోయించింది. "సచ్చేటోళ్ళకు గుడ్లు పెట్టే కోడెందుకు బిడ్డా" అన్నది. నాలుగు రోజులపాటు ఆ వాడంతా కూరలు, గారెలు, సర్వపిండి. బాకీ అడగవచ్చిన మనిషితో ఒకాయన "స్కైలాబు పడ్డంక ఇస్త" అన్నాడట. మా అవ్వ మాత్రం పొద్దున్నే నారు పీకడానికి పోయింది. "పడితె పడనియ్యి, పడకపోతె నాట్లెవరేస్తరు?" అని ఆమె లెక్క. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. ఆ రోజుల్లో ఊళ్ళల్లో ఉన్నవాళ్ళని ఎవర్నడిగినా ఇట్లాంటి కథ ఒకటి చెబుతారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా మన తెలుగువాళ్ళలో ఉన్నారు. 2021లో ఆ పేరుతో తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది.

ఆ రాత్రి నాకు బాగా జ్ఞాపకం. జులై 11. మన గడియారాల ప్రకారం రాత్రి పది దాటాక అది కూలింది. మా మీద కాదు, హిందూ మహాసముద్రంలోనూ, కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. అక్కడ ఎస్పరెన్స్ అనే ఊరివాళ్ళు, మా ఊళ్ళో చెత్త పోశారంటూ అమెరికాకు 400 డాలర్ల జరిమానా వేశారు. మాకది తెలిసేసరికి కోళ్ళు అయిపోయాయి. మా పెద్దమ్మ చాలాకాలం ఆ అమెరికావాళ్ళను తిట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్కైలాబ్ ఆయుధం కాదు. అది 1973లో పైకి పంపిన పరిశోధన కేంద్రం. మూడు దఫాలుగా ముగ్గురేసి మనుషులు వెళ్ళి అందులో ఉండి, ప్రయోగాలు చేసుకుని వచ్చారు. 1974 ఫిబ్రవరి తర్వాత అది ఖాళీగా తిరిగి తిరిగి, నెమ్మదిగా కిందికి జారింది. దాని గురించి ప్రపంచమంతా చెప్పి మరీ భయపడింది. కానీ దానికి ఏడాదిన్నర ముందే, 1978 జనవరి 24న, ఇంకొకటి పడింది. దాని పేరు కాస్మోస్ 954. రష్యావాళ్ళ సైనిక ఉపగ్రహం. సముద్రంలో పరదేశపు యుద్ధనౌకలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో రాడారుతో కనిపెట్టడం దాని ఉద్యోగం. ఆ రాడారుకు కరెంటు కోసం దాని కడుపులో యురేనియంతో నడిచే అణుయంత్రం పెట్టారు. అది అదుపు తప్పి కెనడా ఉత్తరాన మంచు నేలల మీద పడి ముక్కలైంది. విషకిరణాలు చిమ్మే ముక్కలను మంచులో వెతికి ఏరుకోవలసి వచ్చింది. దానికి రష్యా తర్వాత 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది.

మా టేకుమట్లలో దాని పేరు విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. భయపడవలసినదాన్ని గురించి ఎవరూ చెప్పలేదు, చెప్పినదాన్ని గురించి కోళ్ళు కోసుకున్నాం. ఈ ప్రసంగం కోసం పాత పేపర్లు, పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు మళ్ళీ మళ్ళీ ఇదే నాకు ఎదురైంది. పైన తిరిగే వస్తువు దేనికోసమో ఎగరేసేటప్పుడు చెప్పేది ఒకటి, పదేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో బయటికి వచ్చేది ఇంకొకటి.

మొదటినుంచీ అంతే మరి. మనిషి చేసిన వస్తువు మొట్టమొదటిసారి అంతరిక్షపు అంచు దాటింది 1944లో. అది జర్మనీ నాజీల వి-2 అనే రాకెట్టు. ఆ ఏడు సెప్టెంబరు నుంచి అవే రాకెట్లు లండన్ ఇళ్ళమీద పడ్డాయి. వాటిని కొండ సొరంగంలో శిబిరాల ఖైదీల చేత చేయించారు. ఆ రాకెట్టు పడి చనిపోయినవాళ్ళకన్నా అది తయారుచేస్తూ చనిపోయిన ఖైదీలే ఎక్కువమంది. దాన్ని రూపొందించిన ఫాన్ బ్రౌన్ యుద్ధం అయ్యాక అమెరికా వెళ్ళి, చంద్రుడి మీదికి మనిషిని పంపిన శాటర్న్ రాకెట్టు తయారుచేయించాడు. మా పెద్దమ్మ కోళ్ళ ప్రాణం తీసిన స్కైలాబ్‌ని పైకి మోసింది కూడా ఆ శాటర్నే!

రష్యావాళ్ళ కథా ఇంచుమించు ఇదే. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరింది, దాని బీప్ బీప్ చప్పుడు ప్రపంచమంతా రేడియోల్లో విన్నది. బరువు 84 కిలోలు, మన ఇళ్ళల్లో నిండు బియ్యం బస్తాకన్నా తక్కువే. కానీ దాన్ని మోసిన రాకెట్టు అంతకు నెలన్నర ముందు ఖండాలు దాటి అణుబాంబు మోసుకుపోయే క్షిపణిగా పరీక్షించినదే. అమెరికావాళ్ళకు గుండె ఝల్లుమన్నది ఆ చిన్న బంతిని చూసి కాదు, బంతిని విసిరిన చేతిని చూసి.

తర్వాత అమెరికా 'డిస్కవరర్' అని ఉపగ్రహాలు పంపించడం మొదలుపెట్టింది. సైన్సు ప్రయోగాలు అని చెప్పింది. అసలు పేరు కరోనా - మనం మొన్న పడ్డ రోగం కాదులెండి, గూఢచారి ఉపగ్రహాల గుట్టు పేరు. అవి రష్యా మీదుగా పోతూ ఫోటోలు తీసేవి. అప్పట్లో ఫోటోను ఆకాశం నుంచి పంపే సదుపాయం సరిగా లేదు. అంచేత ఫిల్ము చుట్టను ఒక డబ్బాలో పెట్టి కిందికి జారవిడిస్తే, అది గొడుగు విప్పుకుని దిగుతూండగా విమానం కొక్కెంతో గాలిలోనే తగిలించి పట్టుకునేది. 1960 ఆగస్టులో మొదటిసారి అట్లా చిక్కింది. 1972 దాకా ఈ పని నడిచింది. 1995లో గాని దాని ఫోటోల గుట్టు విప్పలేదు. ఎనిమిది లక్షలకు పైగా ఫోటోలు! ఇప్పుడు వాటిలో పాత కోటలూ, మాయమైన చెరువులూ వెతుక్కుంటున్నారు చరిత్రకారులు. యుద్ధం కోసం తీసిన ఫోటో చరిత్రకు పనికొచ్చింది, చూశారా.

ఇంతవరకూ చూడటమే. 1962 జులై 9న అమెరికా ఇంకో అడుగు వేసింది. పసిఫిక్ సముద్రం మీద, 400 కిలోమీటర్ల ఎత్తున, పెద్ద అణుబాంబు ఒకటి పేల్చింది. అంత పైన పేలితే కింద ఎవరికేమవుతుందిలే అనుకున్నారు. దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హవాయి దీవుల్లో వీధి దీపాలు ఆరిపోయాయి. ఆ పేలుడు వదిలిన కిరణాలు ఆకాశంలోనే నిలిచిపోయి, తర్వాత నెలల్లో ఒకదాని వెంట ఒకటిగా ఉపగ్రహాలను పాడుచేశాయి. మర్నాడు ఎగిరిన టెల్‌స్టార్ - సముద్రం అవతలికి టెలివిజన్ బొమ్మ పంపిన మొదటి ఉపగ్రహం - అదీ దెబ్బతింది. తమ బాంబు తమ ఉపగ్రహాన్నే కాల్చిందన్నమాట. అప్పుడు గాని అగ్రరాజ్యాలకు బుద్ధి రాలేదు. 1963లో అంతరిక్షంలో అణుపరీక్షలు మానుకుంటామని ఒప్పందం చేసుకున్నారు. 1967లో అంతరిక్ష ఒడంబడిక వచ్చింది. అణుబాంబుల వంటి మహా మారణాయుధాలను భూమి చుట్టూ తిప్పకూడదని, చంద్రుడిమీద సైనిక స్థావరాలు కట్టకూడదని అందులో రాసుకున్నారు. మన దేశం ఆ ఏడు మార్చిలోనే సంతకం పెట్టింది, 1982లో ధృవీకరించింది.

అయితే ఒడంబడికలో ఒక సందు మిగిలిపోయింది. అణ్వస్త్రాలు వద్దన్నారే గాని, మామూలు ఆయుధాల మాట ఎత్తలేదు. గూఢచారి ఉపగ్రహాల మాట అసలే ఎత్తలేదు. ఈ సందు గుర్తుంచుకోండి, మళ్ళీ దానితో పని ఉంది.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. స్కైలాబ్ పడిన నెల తిరగకుండానే, 1979 ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి మన దేశపు మొదటి ఉపగ్రహ వాహనం ఎస్.ఎల్.వి.-3 ఎగిరి, అయిదు నిమిషాలకే బంగాళాఖాతంలో కూలింది. మా ఊళ్ళో అప్పటికింకా నాట్లు ముగియలేదు. "అందరియి మనమీదనే పడ్తయేందిరా" అని మా అవ్వ అన్నట్టు జ్ఞాపకం. మరుసటి ఏడు, 1980 జులై 18న, రెండోసారి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని అది భద్రంగా కక్ష్యలో పెట్టింది.

శ్రీహరికోట ఒక దీవి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ సన్నగా సాగి ఉంటుంది. అప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1969లో దాన్ని ఎంచుకున్నారు. ఎందుకక్కడే అంటే, భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, తూర్పుగా విసిరిన రాకెట్టుకు ఆ తిరుగుడు వేగం కలిసొస్తుంది. కదిలే బస్సు దిగేటప్పుడు బస్సు పోయే దిక్కుకే అడుగెయ్యమంటారు చూడండి, అటువంటిదే. పైగా తప్పిపోతే సముద్రంలో పడుతుంది, ఊళ్ళమీద కాదు. అయితే ఆ దీవి ఖాళీగా లేదు. యానాదులు ఉండేవాళ్ళు. అక్కడి అడవి కట్టెలు పడవల మీద మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళేవి. ఏ వేరు ఏ జబ్బుకో, ఏ పుట్టలో ఏ పామో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రాకెట్ కేంద్రం కోసం దీవి మీది కుటుంబాలను ఖాళీ చేయించి వేరేచోట్లకు తరలించారు. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్లు ఎగిరాయి. రాకెట్టు విజయం అన్నప్పుడల్లా మనం చప్పట్లు కొడతాం, కొట్టవలసిందే. కానీ ఆకాశం దాకా వెళ్ళిన ఆ మెట్లలో మొదటి మెట్టు ఎవరి వాకిట్లో వేశారో చెప్పకుండా దాటిపోవడం నాకు బాగుండలేదు.

ఎస్.ఎల్.వి.-3ను నడిపించినవారు అబ్దుల్ కలాం గారు, తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు, మీకందరికీ తెలిసినవారే. 1982లో ఆయన ఇస్రో విడిచి హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకు వచ్చారు. మరుసటి ఏడు క్షిపణుల పథకం మొదలైంది - పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్. మనిషే కాదు, సామాను కూడా దారి మారింది. 1989 మే 22న ఒరిస్సా తీరంలో ఎగిరిన మొదటి అగ్ని క్షిపణి కింది అంతస్తు ఏమిటనుకున్నారు? ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు మొదటి అంతస్తే. రోహిణిని మోసిన భుజాలే అగ్నినీ మోశాయి. అంతకు ముందటి ఏడు, 1988 ఫిబ్రవరి 25న, పృథ్వి క్షిపణిని తొలిసారి ఎక్కడనుంచి పరీక్షించారో తెలుసా? శ్రీహరికోట నుంచే.

అప్పుడే నాకు కొత్తగా పెళ్ళయి సంతోష్‌నగర్‌లో కాపురం. పక్క వాటాలో ఉండే ఆవిడ భర్త ఏదో ల్యాబులో ఉద్యోగం. ఏ ల్యాబు అంటే ఆవిడకూ సరిగా తెలియదు. "మా ఆయన చెప్పరండీ, అడిగినా చెప్పరు. నేనడగడం మానేశాను" అనేది. 1989 ఏప్రిల్‌లో ఆయన వారం రోజుల క్యాంపు అని చెప్పి వెళ్ళాడు. వారం కాస్తా నెల దాటింది. చంటిపిల్లకు జ్వరం వస్తే నేనూ ఆవిడా రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మే 23 పొద్దున పేపర్లో అగ్ని బొమ్మ చూసి ఆవిడ ఏడుస్తూ నవ్వింది. ఆ ప్రయోగం ఏప్రిల్ 20న ఒకసారి, మే 1న ఒకసారి ఆగిపోయిందని, అందుకే ఆయన రాలేదని అప్పుడు అర్థమైంది. సాయంత్రం లడ్డూలు పంచింది. కంచన్‌బాగ్ చుట్టుపక్కల కాలనీల్లో ఇట్లాంటి ఇల్లాళ్ళు ఎంతమందో! వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు. తర్వాతి కాలంలో అదే హైదరాబాదులో అగ్ని పథకానికి టెస్సీ థామస్ అనే కేరళ సోదరి డైరెక్టర్ అయ్యారు. 2011లో అగ్ని-4 ఆమె ఆధ్వర్యంలోనే ఎగిరింది. కాబట్టి మగవాళ్ళ వ్యవహారం అన్న మాట ఇక్కడితో కొట్టేద్దాం.

పై దేశాలకు ఇదంతా చూస్తే అనుమానం రాకుండా ఉంటుందా? 1992లో రష్యానుంచి అతిశీతల ఇంజను కొనుక్కోబోతే అది క్షిపణి సామాను అంటూ అమెరికా ఇస్రో మీద రెండేళ్ళ ఆంక్షలు పెట్టింది. నిజానికి గంటలకొద్దీ ఇంధనం నింపవలసిన అలాంటి ఇంజను యుద్ధంలో ఎవరికీ పెద్దగా పనికిరాదు. అది మన శాస్త్రజ్ఞులు చెప్పారు, ఎవరూ వినలేదు. ఒక గోడకు అటూ ఇటూ రెండు కాపురాలున్నప్పుడు పొగ ఎవరి పొయ్యిలోంచి వస్తోందో వీధిలోవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

ఉపగ్రహాల సంగతీ అంతే. మేఘాల చాటునుంచి కూడా నేలను చూడగల రాడారు ఉపగ్రహం ఉందనుకోండి. వరదలో ఏ ఊళ్ళు మునిగాయో చూస్తుంది, వరి ఎన్ని ఎకరాలు వేశారో లెక్క కడుతుంది. సరిహద్దు అవతల చీకట్లో కదిలే బండ్లనూ చూస్తుంది. కంటికి ఇది చూడు అది చూడకు అని చెప్పలేం కదా. 2008 నవంబరులో బొంబాయి మీద దాడి జరిగాక, 2009 ఏప్రిల్ 20న ఇజ్రాయెల్ రాడారు అమర్చిన రిశాట్-2ను తొందర తొందరగా శ్రీహరికోట నుంచి పంపారు. అంతకుముందు 2001 అక్టోబరులో, మీటరు పొడుగున్న వస్తువును కూడా గుర్తుపట్టే కెమెరాతో టి.ఇ.ఎస్. అనే ఉపగ్రహం వెళ్ళింది. ఇది గూఢచారి ఉపగ్రహమా అని విలేఖరులు అడిగితే, పౌర అవసరాలకే, మన భద్రతా అవసరాలకు అనుగుణంగా, అని ఇస్రో అధ్యక్షులు జవాబిచ్చారు. ఎంత ముచ్చటైన జవాబో చూడండి. అవునన్నట్టూ ఉంది, కాదన్నట్టూ ఉంది.

మీరు ఆటో పిలిచినా, కూరగాయలు తెప్పించుకున్నా ఫోనులో దారి చూపే జి.పి.ఎస్. ఉందే, అది అమెరికా సైన్యం సొత్తు. బాంబులకూ, ఓడలకూ దారి చూపడానికి పెట్టుకున్నారు. 1983 సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని రష్యా కూల్చి 269 మందిని చంపాక, ఇక అందరికీ ఇస్తామని రీగన్ ప్రకటించాడు. అయినా 2000 మే దాకా బయటివాళ్ళకు కావాలనే కొంత తప్పు లెక్క ఇచ్చేవాళ్ళు. పొరుగింటి బావి నీళ్ళు ఎన్నాళ్ళు తోడుకుంటామని మన దేశం 2013 నుంచి సొంత ఉపగ్రహాలు పంపింది. అందులోనూ రెండు రకాల సేవలు: అందరికీ ఒకటి, అనుమతి ఉన్నవాళ్ళకు ఒకటి. 2018 డిసెంబరు 19న వాయుసేన కోసం జిశాట్-7ఎ వెళ్ళింది. ఇప్పుడు దాపరికం కూడా తగ్గింది. 2025 మేలో పాకిస్తాన్‌తో కాల్పులు నడిచిన రోజుల్లో కనీసం పది ఉపగ్రహాలు దేశ భద్రత కోసం రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయని ఇస్రో అధ్యక్షులు నారాయణన్ గారు బహిరంగ సభలోనే చెప్పారు.

ఇంతవరకూ కళ్ళూ చెవుల సంగతి. ఇక చెయ్యి ఎత్తిన రోజు గురించి చెప్పాలి. 2019 మార్చి 27, బుధవారం. ప్రధాని ముఖ్యమైన సంగతి చెప్పబోతున్నారని పొద్దున వార్త వచ్చింది. ఏమిటో చెప్పలేదు. మా వీధిలో అందరికీ వచ్చిన ఆలోచన ఒకటే, మళ్ళీ నోట్ల రద్దేమోనని. నేనూ పోపుల డబ్బాలో దాచిన నోట్లు లెక్కపెట్టుకున్నాను, అబద్ధమెందుకు. చివరికి ఆయన చెప్పింది మిషన్ శక్తి. భూమికి సుమారు 300 కిలోమీటర్ల పైన తిరుగుతున్న మన ఉపగ్రహాన్ని మనమే క్షిపణితో మూడు నిమిషాల్లో కొట్టామని. అమెరికా, రష్యా, చైనా తర్వాత మనమే నాలుగో దేశమని. క్షిపణి ఎగిరింది ఒడిశా తీరంలోని కలాం దీవి నుంచి. దాన్ని తయారుచేసిన రక్షణ పరిశోధన సంస్థకు అప్పుడు అధిపతి సతీష్ రెడ్డి గారు, నెల్లూరు జిల్లా మహిమలూరు మనిషి. పనిలో పెద్ద పాలు హైదరాబాదు ప్రయోగశాలలది.

మరి దెబ్బ తిన్న ఉపగ్రహం ఎక్కడిది? దాని పేరు మైక్రోశాట్-ఆర్. 740 కిలోలు. రెండు నెలల ముందు, 2019 జనవరి 24 అర్ధరాత్రి వేళ శ్రీహరికోట నుంచే వెళ్ళింది. ఆనాటి ప్రకటనలో ఫోటోలు తీసే ఉపగ్రహమని ఉంది. ఆ రాకెట్టులోనే విద్యార్థులు తయారుచేసిన కలాంశాట్ అనే బుల్లి ఉపగ్రహం కూడా వెళ్ళింది. బరువు కిలోంబావు. మర్నాడు పేపర్లన్నీ ఆ పిల్లల ఫోటోలే వేశాయి. మేమంతా మురిసిపోయాం. పక్కనే కూర్చుని వెళ్ళిన పెద్ద పెట్టె, దెబ్బ తినడానికి వెళుతున్నదని ఎవరికి తెలుసు? డిస్కవరర్ అని చెప్పి కరోనాను పంపిన కథ జ్ఞాపకం వచ్చిందా మీకు? నాకు వచ్చింది. ఇది తప్పని అనను. 2007లో చైనా చేసి చూపాక మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా అనే మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒడంబడికలోని సందు సంగతి చెప్పాను కదా, దాని ప్రకారం ఇది నేరమూ కాదు. కానీ ఇంటి డబ్బుతో కొన్న వస్తువు దేనికి కొన్నారో ఇల్లాలికి రెండు నెలల తర్వాత తెలిస్తే ఆ ఇంట్లో ఏమంటాం?

ముక్కల మాట చెప్పాలి. ఆ ఎత్తున తిరిగే ఏ ముక్క వేగమైనా సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైనే. హన్మకొండ నుంచి హైదరాబాదుకు ఇరవై సెకన్లు. అంత వేగంలో చిన్న మేకు ముక్క తగిలినా ఉపగ్రహం పోతుంది. 2007 జనవరి 11న చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని 865 కిలోమీటర్ల ఎత్తున పేల్చినప్పుడు లెక్కకు దొరికిన ముక్కలే మూడు వేలు దాటాయి. అంత ఎత్తున గాలి లేదు గనక అవి దశాబ్దాలు తిరుగుతూనే ఉంటాయి. మనవాళ్ళు ఆలోచించి తక్కువ ఎత్తున కొట్టారు. అక్కడ పల్చగా గాలి ఉంటుంది, ముక్కల వేగం తగ్గించి కిందికి లాగి కాల్చేస్తుంది. కొన్ని వారాల్లో పోతాయన్నారు. చాలామటుకు అట్లాగే పోయాయి. కానీ దెబ్బకు కొన్ని పైకి ఎగిరాయి. మనుషులు నివసించే అంతరిక్ష కేంద్రం ఎత్తుకు పైగా 24 ముక్కలు వెళ్ళాయని అమెరికా సంస్థ నాసా అధిపతి ఏప్రిల్ 1న ఫిర్యాదు చేశాడు. ఏడాది దాటినా కొన్ని అక్కడే తిరిగాయి. సరిగ్గా ఆ ఏప్రిల్ 1నే, శత్రువుల రాడార్ల చప్పుళ్ళు వినే ఎమిశాట్ శ్రీహరికోట నుంచి వెళ్ళింది. 2021 నవంబరులో రష్యా కూడా తన పాత ఉపగ్రహాన్ని పేల్చింది. అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళు, వాళ్ళలో రష్యావాళ్ళూ ఉన్నారు సుమా, ప్రాణభయంతో తమ ఓడల్లోకి దూరి కూర్చోవలసి వచ్చింది. హవాయి వీధి దీపాల కథే మళ్ళీ.

2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో, ఇకమీదట ఇట్లా పేల్చే పరీక్షలు మానుకుందామని ఒక తీర్మానం వచ్చింది. 155 దేశాలు సరే అన్నాయి. రష్యా, చైనా వద్దన్నాయి. మన దేశం ఎటూ ఓటు వేయలేదు. ఆ తీర్మానం పెట్టిన అమెరికా తన పరీక్షలు ఏనాడో పూర్తి చేసుకుంది, అదీ నిజమే. పేపర్లో ఈ వార్త ఏ మూల వేశారోనని నేను వెతికాను. కనబడటానికి చాలా సేపు పట్టింది.

శక్తి ప్రయోగం నాటి సాయంత్రం టేకుమట్ల నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, టీవీ వార్తలు ఒక్కటీ వదలదు.

"ఏందే, మనోళ్ళే మన దాన్ని ఆకాశంల పేల్చిన్రట?"

"అవును పెద్దమ్మా."

"ముక్కలు మన దిక్కు పడ్తయా?"

పడవని, వచ్చేదారిలోనే కాలిపోతాయని, నలభై అయిదు రోజుల్లో అన్నీ పోతాయని చెబుతున్నారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"గా స్కైలాబు దాన్ని గురించి ముందుగాల చెప్పిన్రు, మన మీద పడలె. దీన్ని గురించి అయినంక చెప్పిన్రు" అన్నది. "సరే తియ్యి. అయితే కోళ్ళను కొయ్యొద్దంటవ్."

"కొయ్యొద్దు పెద్దమ్మా" అన్నాను.